చెరసాల ద్వారమున ఆగవలసిన వ్యాధులు

పిఠాపురము చుట్టుపట్ల గ్రామములలోని ఒక యువకుడు ఏదో నేరారోపణముపై అరెస్టయి, మేజిస్ట్రేటు ఉత్తరువుచే రిమాండునకు పంపబడి, రాజమహేంద్రవరపు కేంద్రకారాగారమున రెండుమూడు మాసములు గడిపి, బెయిలు దొరికిన దినమున విడుదలయై, ద్వారపూడి, అనపర్తి, సామర్లకోటల మీదుగా రైలులో ఇల్లు చేరుట మన ప్రాంతమున ఎవరికిని వింతగా తోచదు. అతడు ఏ కేసులో చిక్కుకొనెనో, వకీలునకు ఎంత ముట్టజెప్పెనో, జామీను ఎవరు నిలిచిరో ఊరివారు చెప్పుకొందురు. కాని అతడు లోపల అడుగిడిన దినమున అతని రక్తమును ఎవరైనను పరీక్షించిరా, పరీక్షించినచో ఫలితమును అతనికి తెలిపిరా, చికిత్స మొదలైనచో విడుదలనాడు మందులు చేతికిచ్చి పంపిరా అని అడుగువారు అరుదు. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినదంతయు ఆ అడుగని ప్రశ్నల చుట్టును తిరుగును. చెరసాలగోడ మనుష్యుని నిలుపగలదు గాని సూక్ష్మజీవిని నిలుపజాలదు. లైంగికసంపర్కముచే వ్యాపించు వ్యాధులు కారాగారమున ప్రబలకుండుటకు కాపలా బిగించుటవలన కలుగు ప్రయోజనము స్వల్పము. మనుష్యుడు లోనికి వచ్చు దినమునను, వెలుపలికి పోవు దినమునను ద్వారమువద్ద వైద్యుడు చేయు పనియే ఈ నివారణమునకు ప్రాణము.

రాజమహేంద్రవరపు కారాగారము దేశమునందలి పురాతన కారాగారములలో ఒకటి. పూర్వము డచ్చివారి కోట యుండినదని చెప్పు స్థలమున ఆంగ్లేయప్రభుత్వము 1864లో జైలును నెలకొల్పి, 1870లో దానిని కేంద్రకారాగారముగా చేసెను. స్వాతంత్ర్యోద్యమకాలమున సత్యాగ్రహులనేకులు ఇచట శిక్ష ననుభవించిరి. గోదావరి జిల్లాలలో దీర్ఘకాలపు శిక్ష పడినవారును, విచారణ ముగియని ముద్దాయిలును నేటికిని పెక్కుమంది ఇచటనే యుందురు. 2019లో ఈ కారాగారములోని ఒక జీవితఖైదీ, తనకు హెచ్.ఐ.వి. సోకినందున చికిత్సకై బెయిలు నొసగవలసినదని ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము నాశ్రయింపగా, ఇరువదిమందికి పైగా ఖైదీలు అదే వ్యాధితో అచట నున్నారన్న సంగతి ఆ విచారణలో వెలుగునకు వచ్చెను; వారికి ఎట్టి చికిత్స అందుచున్నదని న్యాయస్థానము అధికారులను ప్రశ్నించెను. పత్రికలలో ఆ వార్త చదివినవారు ఉలికిపడిరి. నాకు మాత్రము భయము కలిగించునది వేరొకటి. రోగుల లెక్క తెలిసిన జైలులో మందు ఇచ్చుటకు వీలున్నది; లెక్కయే లేని జైలులో రోగము తన పని తాను నిరాటంకముగా చేసికొనిపోవును.

దేశమునంతటిని చూచినచో స్థితి ఇట్లున్నది. 2022 సంవత్సరాంతమున భారతదేశపు కారాగారములలో సుమారు 5.73 లక్షలమంది యుండిరి. ఆ కారాగారములు నిర్మింపబడినది 4.36 లక్షలమందికి మాత్రమే. ఉన్నవారిలో నూటికి 76 మంది నేరము రుజువు కానివారు, విచారణకై వేచియున్నవారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021లో జరిపిన నిఘా పరీక్షలలో ఖైదీలలో నూటికి ఇంచుమించు ఇద్దరికి హెచ్.ఐ.వి. కానవచ్చినది. దేశపు వయోజనులలో ఆ సంఖ్య నూటికి 0.21, ఆంధ్రప్రదేశమున 0.67. అనగా చెరలోనున్నవారియందు ఈ వ్యాధి సామాన్యజనులకంటె సుమారు తొమ్మిది రెట్లు హెచ్చు.

ఈ హెచ్చునకు కారణము చెరలో జరుగు దురాచారమని తలచుట లోకరీతి. సత్యము వేరు. అమెరికాలోని జార్జియా రాష్ట్రపు కారాగారములలో 1992 మొదలు 2005 వరకు జరిగిన పరిశీలనలో, హెచ్.ఐ.వి. ఉన్న పురుషఖైదీలలో పదింట తొమ్మిదిమంది ఆ వ్యాధిని వెంటబెట్టుకొనియే లోనికి వచ్చినవారని తేలెను. చెరలో ఉండగా సోకినవారు 88 మంది. పేదరికము, వలసబ్రతుకు, మత్తుమందుల అలవాటు, దేహవిక్రయము, వైద్యమునకు దూరమైన జీవనము, ఇవి యేవి మనుష్యుని రోగమునకు చేరువ చేయునో అవియే వానిని పోలీసుస్టేషనునకును చేరువ చేయును. కావున కారాగారము రోగమును పుట్టించుచున్నదనుటకంటె, ఊరూర చెదరియున్న రోగమును ఒక్కచోట పోగుచేయుచున్నదనుట యథార్థము. ఐనను ఆ 88 మందిని మరువరాదు. వారికి వ్యాధి సోకుటకు పురుషులమధ్య లైంగికసంపర్కమును, చెరలో పొడిపించుకొను పచ్చబొట్టును ముఖ్యకారణములని ఆ పరిశీలకులు నిర్ధారించిరి. లోపలి సంపర్కము కొందరియెడ ఇష్టపూర్వకము, కొందరియెడ బీడీలకొరకో సబ్బుబిళ్ళకొరకో ఒప్పుకొన్నది, కొందరియెడ కేవలము భయముచే లొంగినది, మరికొందరియెడ బలాత్కారము. ఈ నాలుగింటిని ఒకే నేరముగా జమకట్టి, పేరెత్తుటయే తప్పనుకొను జైలులో నివారణము అసాధ్యము.

మనవారు సుఖవ్యాధులనియు గుప్తరోగములనియు పిలుచు వీనిలో ఒక్కొక్కదాని నడక ఒక్కొక్క విధము. సెగరోగమను గనేరియా పురుషునకు సోకిన కొలదిదినములకే మూత్రమున మంటగను, చీముగను బయటపడును. కాని స్త్రీలలో అది తరచుగా ఏ బాధయు తెలియనీయక లోపలనే యుండును. క్లమీడియా స్త్రీపురుషులిరువురియందును మౌనముగా నుండుటయే పరిపాటి. సవాయి యని మన పెద్దలు పేర్కొన్న సిఫిలిస్ మిక్కిలి మోసకరమైనది. సోకిన పది మొదలు తొంబది దినములలోపల, సామాన్యముగా మూడు వారములకు, ఒక పుండు లేచును. అది నొప్పి పెట్టదు. కొన్ని వారములలో మందు లేకయే మానిపోవును. రోగి తనకు నయమైనదని సంతోషించును. తరువాత ఒంటిపై దద్దురు లేచి అదియు అణగిపోవును. పిమ్మట సంవత్సరములకొలది నిద్రించినట్లుండి, తుదకు కొందరిలో గుండెను, మెదడును పట్టి పీడించును. హెపటైటిస్-బి కాలేయమును ఆశ్రయించి యుండును. హెచ్.ఐ.వి. సోకినవాడు ఏండ్లకొలది పనిపాటలు చేసికొనుచు ఆరోగ్యవంతునివలెనే కనబడును. పైగా సోకిన తొలివారములలో చేసిన రక్తపరీక్షలో అది చిక్కకపోవచ్చును.

దీనినిబట్టి తేలునదేమనగా, కంటితో చూచి రోగము లేదని చెప్పు పరీక్ష ఈ వ్యాధుల విషయమున పరీక్షయే కాదు. 1894 నాటి కారాగారచట్టము క్రొత్తఖైదీని వైద్యాధికారి త్వరలో పరీక్షింపవలెననియు, అతని ఆరోగ్యస్థితిని, ఒంటిమీది గాయములను, గుర్తులను పుస్తకమున వ్రాయింపవలెననియు విధించినది. ఆ కాలమునకది మంచి నియమమే. కాని గాయము కనబడును, క్లమీడియా కనబడదు. బరువు తూచి, ఒళ్ళు చూచి, పుట్టుమచ్చలు వ్రాసికొని బారకునకు పంపినంతమాత్రమున వైద్యుడు తన ధర్మమును నెరవేర్చినట్లు కాదు.

మఱి కనబడనిదానిని కనబడునట్లు చేయుట కష్టమా? సిఫిలిస్‌కు చేయు ఆర్.పి.ఆర్. అను పరీక్షను దగ్గరనుండి చూచినవారికి ఆ సందేహము తీరును. ముంజేతినుండి తీసిన రక్తము పేరుకొని పైకి తేరిన పసుపువన్నె ద్రవమును ఒక్క చుక్క, తెల్లని నున్నని కార్డుపై అచ్చువేసిన వలయమున వేసి, పుల్లతో వలయమంతట పరతురు. దానిపై సన్నని బొగ్గురేణువులు కలిపిన మందును ఒక చుక్క వేయుదురు. పిమ్మట కార్డును యంత్రముపై నుంచి నిమిషమునకు నూరుమారులవంతున ఎనిమిది నిమిషములు గుండ్రముగా త్రిప్పుదురు. రోగము లేనివాని వలయము మేఘము పట్టిన ఆకాశమువలె ఏకరీతి బూడిదవన్నెతో నిలుచును. రోగమున్నవాని వలయమున బొగ్గురేణువులు ఒండొంటిని పట్టుకొని నల్లని రవ్వలై విడివడి స్పష్టముగా కంటికి దెలియును. సూక్ష్మదర్శిని అక్కరలేదు. ఆ రవ్వలు కనబడినచో ధ్రువపరచుటకు మరియొక పరీక్ష చేయవలయును, ఏలయన ఇతరకారణములచే కూడ అవి ఒక్కొకప్పుడు ఏర్పడవచ్చును. నేడు వ్రేలికొనను గుచ్చి తీసిన రక్తపుబొట్టుతోనే హెచ్.ఐ.వి.నీ సిఫిలిస్‌నూ ఒకేమారు ఇరువది నిమిషములలో పరీక్షించు సాధనములును కలవు. జైలు ఆసుపత్రిలోని చిన్నగదికి, ఒక ల్యాబ్ టెక్నీషియనుకు మించినదేదియు ఇందులో లేదు.

చికిత్సయు అట్టిదే. 1905లో షౌడిన్, హోఫ్‌మన్ అను జర్మనులు సిఫిలిస్ క్రిమిని కనుగొనిరి. 1910లో ఎర్లిక్ ఆర్సెనికముతో కూడిన సాల్వర్సానును వాడుకలోనికి తెచ్చెను. 1943లో అమెరికా వైద్యుడు మహోనీ పెనిసిలిను దీనిని నయము చేయునని చూపెను. నాటినుండి నేటివరకును ఆ క్రిమి పెనిసిలినును ఎదిరించు శక్తిని సంపాదింపలేదు. తొలిదశలోనున్న రోగికి బెంజథీన్ పెనిసిలిను 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకు సగముసగముగా, ఒక్కమారు ఇచ్చిన చాలును. ప్రభుత్వపు సురక్షా క్లినిక్కులలో ఈ వ్యాధులకు రోగలక్షణముననుసరించి రంగురంగుల పెట్టెలలో మందులు సిద్ధముగా నుంచెదరు: మూత్రనాళమున చీము వచ్చువారికి బూడిదరంగు పెట్టె, పుండ్లున్నవారికి తెల్లపెట్టె, అట్టివారే పెనిసిలిను పడనివారైనచో నీలిపెట్టె, హెర్పిస్ పొక్కులకు ఎర్రపెట్టె. ఆ నీలిపెట్టెలో డాక్సిసైక్లిను బిళ్ళలుండును. అది టెట్రాసైక్లినుల వంశమునకు చెందినది. ఆ వంశమునకు మూలపురుషుడైన ఆరియోమైసిను 1948లో వెలువడినది అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునుండి, ఆ పరిశోధనలకు అధిపతి భీమవరమున జన్మించి రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తాను బాల్యమున చదువుకొన్న పట్టణములోని చెరసాలకు ఆయన పర్యవేక్షణలో మొదలైన ఔషధవంశము ఉపకరించుచున్నదన్నది మన గోదావరివారు గర్వింపదగిన విషయము. ఆ మందు అచటి రోగికి సకాలమున అందినప్పుడే ఆ గర్వమునకు అర్థము.

పరీక్షయు మందును ఇంత సులభములైనపుడు అందరిని బలవంతముగా పరీక్షించి, రోగులను వేరుగా బంధించినచో సరిపోదా అని కొందరందురు. ఈ యాలోచన క్రొత్తది కాదు. మన దేశమున దీనిని ఒక శతాబ్దమునకు పూర్వమే పరీక్షించి చూచిరి. మదరాసు రాజధానిలో పందొమ్మిదవ శతాబ్ది ఆరంభముననే లాకు ఆసుపత్రులను పేర సైనికస్థావరములచెంత చికిత్సాలయములు వెలసెను. 1868 నాటి అంటువ్యాధులచట్టము వేశ్యలు పేర్లు నమోదు చేయించుకొని నియతకాలమున దేహపరీక్షకు లోబడవలెననియు, రోగమున్నదని తోచినవారిని ఆ ఆసుపత్రులలో నిర్బంధింపవలెననియు శాసించెను. వైద్యాలయమే చెరసాల యాయెను. ఫలితమేమి? స్త్రీలు పరీక్షకు జడిసి ఊళ్ళు విడిచి పారిపోయిరి, పేర్లు దాచిరి, రోగమును దాచిరి. వారివద్దకు పోయిన సైనికులను ఈ నిర్బంధము తాకనేలేదు. సైనికులలో రోగము తగ్గలేదు. 1888లో ఆ చట్టము రద్దయ్యెను. భయపెట్టిన వైద్యునివద్ద రోగి నిజము చెప్పడు. నిజము చెప్పని రోగి లైంగికవ్యాధుల విషయమున వైద్యునికి ఏ సాయమును చేయలేడు. ఏలయన ఎవరివలన సోకెను, ఎవరికి సోకియుండును అన్న సంగతి అతని నోటనే రావలయును.

వేరుగా నుంచుట సంగతియు అంతే. అమెరికాలోని దక్షిణ కెరొలీనా రాష్ట్రము హెచ్.ఐ.వి. ఉన్న ఖైదీలనందరిని ఒకేచోట ఉంచుచుండగా, 1999లో అందులో ఒక్కరికి వచ్చిన క్షయ తక్కినవారిలో పెక్కుమందికి ప్రాకెను. రోగనిరోధకశక్తి సన్నగిల్లినవారినందరిని ఒక్క కప్పుక్రింద చేర్చుట క్షయకు విందు పెట్టుటయే. హెచ్.ఐ.వి. ప్రక్కన కూర్చుండుటవలన, ఒకే కంచమున తినుటవలన, ఒకే దుప్పటి కప్పుకొనుటవలన అంటునది కాదు. కావున వేరు చేయుటకు శాస్త్రీయమైన కారణము లేదు. నిర్బంధపరీక్షను, వేర్పాటును విడనాడవలసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1993లోనే కారాగారములకు సూచించెను. మన దేశమున 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. మరియు ఎయిడ్స్ చట్టము సమ్మతి లేనిదే పరీక్షింపరాదనియు, ఫలితమును బయటపెట్టరాదనియు నియమించుటయే గాక, ప్రభుత్వపు సంరక్షణలోగాని కస్టడీలోగాని ఉన్న ప్రతివ్యక్తికిని నివారణ, సలహా, పరీక్ష, చికిత్సలను పొందు హక్కు కలదని స్పష్టముగా పేర్కొన్నది. శిక్షపడినవాడును, రిమాండులోనున్నవాడును అందులోనివారే. స్వేచ్ఛను పోగొట్టుకొన్నవాడు చికిత్సాలయమును ఎంచుకొను స్వేచ్ఛను కూడ పోగొట్టుకొనును. ఆ లోటును పూరించు బాధ్యత అతనిని బంధించినవారిదే యగును.

రహస్యము కాపాడుట చెరలో ఎంత కఠినమో బయటివారు ఊహింపజాలరు. నలువదిమందో ఏబదిమందో ప్రక్కప్రక్కల పండుకొను బారకులో ఒకడు ప్రతిరాత్రి ఒక బిళ్ళ మ్రింగుచున్నచో రెండవదినమునకే ఆ సంగతి అందరికిని తెలియును. ప్రతిఖైదీ వెంటనుండు హిస్టరీ టికెట్టుపై ఎర్రసిరాతో ఒక గీత గీచిన చాలును, వార్డరునుండి వంటవానివరకు అందరును చదువుకొందురు. కావున హెచ్.ఐ.వి., సిఫిలిస్ వివరములు వైద్యునిచెంత వేరుపుస్తకమున తాళము వేసి యుంచవలెను. రక్తపోటు బిళ్ళలు, మధుమేహపు బిళ్ళలు ఇచ్చు వరుసలోనే ఈ బిళ్ళలును ఇచ్చుచుండవలెను. సలహా చెప్పు గదిలో వార్డరు నిలువరాదు. చిన్నవిషయములని వీనిని తీసివేయరాదు. ఖైదీ పరీక్షకు ఒప్పుకొనుటయు మానుటయు వీనిపైననే ఆధారపడియుండును.

ఇక నిరోధ్ సంగతి. 1994లో తీహారు కారాగారమున నిరోధ్ పంపిణీ చేయవలెనన్న సూచనను నాటి అధికారులు త్రోసిపుచ్చిరి. భారతశిక్షాస్మృతి 377వ విభాగము పురుషులమధ్య సంపర్కమును నేరముగా పరిగణించుచుండగా, నిరోధ్ ఇచ్చుట ఆ నేరమునకు తోడ్పడుటయే యగునన్నది వారి వాదము. ఢిల్లీలోని ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అను సంఘము ఆ విభాగమును సవాలు చేయుచు ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. చెరలోని రోగనివారణమునకై మొదలైన ఆ వాదము పెక్కు మలుపులు తిరిగి, తుదకు 2018 సెప్టెంబరు 6న సర్వోన్నతన్యాయస్థానము వయోజనుల ఇష్టపూర్వకసంపర్కము నేరము కాదని తీర్పు చెప్పుటతో ముగిసెను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో ఆ విభాగమునకు స్థానమే లేదు. నాడు చెప్పిన అడ్డంకి నేడు లేదు. ఐనను మన కారాగారములలో నిరోధ్ లభించుట ఇంకను సాధారణనియమము కాలేదు. ఇచ్చినచో అనాచారము ప్రబలునని కొందరు నిజాయితీగానే భయపడుదురు. ఆ భయమును ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రము అనుభవముచే తీర్చినది. ఖైదీలు న్యాయస్థానమునకెక్కిన పిమ్మట, 1996 నుండి అచటి జైళ్ళలో యంత్రములద్వారా నిరోధ్ ఇచ్చుచున్నారు. ఐదు సంవత్సరముల పిమ్మట పరిశీలించినవారికి బలాత్కారములు పెరిగిన జాడగాని, చెరలో సంపర్కము పెరిగిన జాడగాని కానరాలేదు. నిరోధ్ అడిగినవాడు తన నడవడిని ఒప్పుకొన్నట్లగునని భయపడును గాన, అడుగనక్కరలేనిచోట, స్నానపుగదిచెంతనో ఆసుపత్రివసారాలోనో దానినుంచుటలోనే అచటివారి వివేకమంతయు నున్నది. మనవారును ఈ మార్గము నవలంబింపవలెనని నా దృఢాభిప్రాయము.

నిరోధ్ బలాత్కారమును ఆపదు. దానిని ఆపవలసినది జైలు అధికారి. పందొమ్మిది ఇరువదేండ్ల రిమాండుఖైదీని పాతనేరస్థుల బారకులో పడవేయుట, రాత్రులయందు దీపములు లేకుండుట, ముగ్గురు పట్టుచోట నలుగురిని కుక్కుట, ఇవి రోగమునకును అత్యాచారమునకును ఒక్కటే వాకిలి తెరచును. అత్యాచారమునకు లోనైనవాడు జైలరుకంటె ముందు వైద్యునితో మొరపెట్టుకొనగలుగవలెను, ఏలయన హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందును 72 గంటలలోపల మొదలుపెట్టి 28 దినములు వాడినగాని ఫలము లేదు. ఫిర్యాదు కాగితము బల్లలు మారుచుండగా ఆ గడువు దాటిపోవును.

రక్తముద్వారా సోకునవి వేరొకచోట పొంచియుండును. ఆదివారమునాడు బారకు ముందర వరుసగా కూర్చున్నవారికి క్షౌరము చేయు ఖైదీచేతిలోని బ్లేడును చూడుడు. హెపటైటిస్-బి క్రిమి ఎండిన రక్తపుమరకలో ఏడు దినములు సజీవముగా నుండగలదు. ఒక్కొక్క తలకు ఒక్కొక్క క్రొత్తబ్లేడు వాడి, వాడినదానిని మూతగల డబ్బాలో వేయించుట ఎంత వ్యయము? కుట్టుసూదితో, దీపపుమసితో దొంగచాటున పొడిచికొను పచ్చబొట్టును నిషేధించుట సులభము, మాన్పించుట కష్టము. దానివలని హానిని తోటిఖైదీయే తెలియజెప్పినచో కొంత ఫలించును. హెపటైటిస్-బికి టీకా కలదు. సామాన్యముగా ఆరుమాసములలో మూడుమారులు వేయుదురు. కొలదికాలము మాత్రమే చెరలో నుండువారికి మొదటిదినము, ఏడవదినము, ఇరువదియొకటవదినము వేసి, సంవత్సరమునకు మరియొకమారు వేయు త్వరితపద్ధతియు నున్నది. మూడు వారములు రిమాండులో నుండి వెడలిపోవు మనుష్యునికి ప్రభుత్వము చేయగల మేలులలో ఇది శాశ్వతమైనది.

స్త్రీఖైదీలకు రాజమహేంద్రవరముననే ప్రత్యేకకారాగారము కలదు. వారిలో గర్భిణులున్నచో సిఫిలిస్ పరీక్ష ఒక్కదినమైనను ఆలస్యము కారాదు. తల్లికి రోగమున్నచో గర్భమునందే శిశువునకు సోకి, మృతశిశువుగనో వ్యాధిగ్రస్తముగనో జన్మింపవచ్చును. ప్రసవమునకు ముప్పది దినములకు ముందే పెనిసిలిను పడినచో ఇరువురును సాధారణముగా రక్షింపబడుదురు. దేహవిక్రయమునకు పేరుపడినదని, పిఠాపురమునకు దాపుననున్న పెద్దాపురము పేరు చెప్పగానే ముఖము చిట్లించువారు ఒక సంగతి తెలిసికొనవలెను. ఈ శతాబ్ది తొలిదశకమున రాజమహేంద్రవర ప్రాంతమున దేహవిక్రయముచే జీవించు స్త్రీలు తామే సంఘటితులై, తమలో కొందరు తక్కినవారికి బోధించుచు పనిచేసినప్పుడు, తమ పనిపై తమకు అధికారమున్న స్త్రీలే నిరోధ్‌ను నియమముగా వాడగలిగిరని అచట జరిగిన పరిశోధనలు చూపినవి. ఆ స్త్రీలు సాధించినదానిని చెరలోనివారును సాధింపగలరు. దీర్ఘశిక్ష ననుభవించుచున్న ఖైదీలలో చదువును మంచిపేరును గలవారిని ఎన్నుకొని శిక్షణ నిచ్చినచో, వార్డరు చెప్పిన వినని మాటను వారు చెప్పిన వినువారుందురు.

తొలిదినపు పరీక్ష ఎంత ముఖ్యమో తుదిదినపు పని అంతకంటె ముఖ్యము. హెచ్.ఐ.వి. చికిత్స నియమముగా తీసికొని రక్తములోని క్రిమిసంఖ్య అణగియున్నవాడు లైంగికసంపర్కముచే ఆ వ్యాధిని ఇతరులకు అంటింపడు. మన చెన్నై, పుణే నగరములును పాల్గొన్న తొమ్మిది దేశముల పరిశోధనము, త్వరగా చికిత్స మొదలుపెట్టినచో దంపతులలో ఒకరినుండి మరియొకరికి సోకుట నూటికి 96 వంతులు తగ్గునని 2011లో వెల్లడించెను. ఈ మందులు మన దేశమున 2004 నుండి ప్రభుత్వమే ఉచితముగా ఇచ్చుచున్నది. 2017 నుండి వ్యాధి కనుగొన్న వెంటనే చికిత్స మొదలుపెట్టు విధానము అమలైనది. చెరలో మూడు మాసములు క్రమముగా బిళ్ళలు మ్రింగినవానికి బెయిలు ఉత్తరువు సాయంకాలము చేరును. వైద్యుడు ఇంటికి పోయియుండును. మందులగది తాళము వేసియుండును. ఇతడు ఖాళీచేతులతో గుమ్మము దాటును. ఇంటికి చేరిన పిమ్మట సిగ్గుచే ఆసుపత్రికి పోడు. అణగియున్న క్రిమి కొలదివారములలో మరల తలయెత్తును. అప్పుడు భార్యకు సోకినచో ఆ పాపము ఎవరిది? ఐక్యరాజ్యసమితి 2015లో అంగీకరించిన మండేలా నియమములు బయటి సమాజమున లభించు ప్రమాణముననే ఖైదీకి వైద్యమందవలెననియు, హెచ్.ఐ.వి., క్షయ మున్నగువాని చికిత్సకు విడుదలవలన అంతరాయము కలుగరాదనియు విధించినవి. ఆచరణలో దీని యర్థము మిక్కిలి సాదా: బెయిలు అర్జీ వేసిననాడే ఒక మాసమునకు సరిపడు మందుల పొట్లమును, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికో వాని ఊరికి చేరువనున్న చికిత్సాకేంద్రమునకో వ్రాసిన చీటిని కట్టి సిద్ధముగా నుంచవలెను. గుమ్మమువద్ద గడియారమును, డబ్బుసంచిని తిరిగి యిచ్చు గుమాస్తాయే దానిని కూడ ఇచ్చి సంతకము పెట్టించుకొనగలడు.

పాఠకులారా, మీ ఇంటివాడో, పొరుగువాడో చెరనుండి తిరిగివచ్చినచో అతనిని ఏమి నేరము చేసితివని అడుగుటకు ముందు, మందులేమైనను వాడుచుంటివా అని ఏకాంతమున అడుగుడు. వాడుచున్నచో ఒక్కపూటయైనను మాననీయకుడు. పరీక్షయే జరుగలేదన్నచో మీరే వెంటనుండి సురక్షా క్లినిక్కునకు తీసికొనిపొండు, మూడు మాసములు గడచిన పిమ్మట మరల ఒకమారు హెచ్.ఐ.వి. పరీక్ష చేయింపుడు, భార్యయున్నచో ఆమెకును చేయింపుడు. పరీక్షయు మందును ఉచితము. పేరు గోప్యముగా నుండును. ఎచటికి పోవలెనో తెలియనిచో 1097 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో రుసుము లేకుండ చెప్పుదురు.